మాల్ట్ బార్లీకి మార్కెట్ తెచ్చుకోవడం ఎలా? పొలం నుంచి విదేశీ ఆర్డర్ దాకా

“మా దగ్గర బార్లీ బాగా పండుతోంది. మాల్ట్‌కు అమ్మితే మంచి రేటు వస్తుందంటున్నారు. విదేశాలకు పంపాలంటే ఎవరిని కలవాలి?” రైతు సంఘాలు నడిపేవాళ్లు, ధాన్యం వ్యాపారులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఎవరిని కలవాలన్నది నిజానికి చివర్లో వచ్చే సంగతి. మీ రకంతో చేసిన మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, ఒక్క బ్రూవరీ (బీరు తయారుచేసే కంపెనీ) అయినా వాడి, మళ్లీ కావాలని అడిగిందా? అడగకపోతే విదేశీ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టినా చేతిలో మిగిలేవి విజిటింగ్ కార్డులే. అందుకే కింద చెప్పే పని కొనేవాడి దగ్గర మొదలై పొలానికి వస్తుంది. ఓడ మాట ఆ తర్వాతే.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. దాణా బార్లీని ప్రధానంగా తూకం చూసి కొంటారు. మాల్ట్ బార్లీ బతికున్న గింజ అయి ఉండాలి. మాల్ట్ కంపెనీ దాన్ని నానబెట్టి తేమను 43–46 శాతానికి తెస్తుంది, నాలుగైదు రోజులు మొలకెత్తిస్తుంది, తర్వాత బట్టీలో ఆరబెట్టి తేమను 4–5 శాతానికి దించుతుంది. చచ్చిన గింజ మొలకెత్తదు. బూజు పట్టడం, బ్రూవరీలో వడపోత నెమ్మదించడం, అన్నీ దాని వల్లే. ధర మీద వచ్చే పేచీల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

ఏమేం కావాలి

- ఒకే రకం, మహా అయితే రెండు రకాలు వేయడానికి ఒప్పుకునే రైతులు. పది మంది పది రకాలు వేస్తే మాల్ట్‌కు పనికిరాదు.
- స్వచ్ఛమైన విత్తనం ఏటా ఇవ్వగలిగే సంస్థ.
- ఒక మాల్ట్ కంపెనీ, దాని మాల్ట్ కొనే ఒక బ్రూవరీ లేదా డిస్టిలరీ. రెండోది లేకుండా మొదటిదాన్ని ఒప్పించడం కష్టం.
- రకం వారీగా విడిగా నిల్వ చేసే గోదాం, గాలి ఆడించే ఏర్పాటు.
- తేమ మీటరు, జల్లెడలు, పెట్రి డిష్‌లు, ఫిల్టర్ పేపర్.
- మాల్ట్ పరీక్షలు చేసే ల్యాబ్. యూరప్ వాళ్లకు అమ్మాలంటే ఈబీసీ (యూరోపియన్ బ్రూవరీ కన్వెన్షన్) పద్ధతిలో, అమెరికా వాళ్లకు ఏఎస్‌బీసీ (అమెరికన్ సొసైటీ ఆఫ్ బ్రూయింగ్ కెమిస్ట్స్) పద్ధతిలో రిపోర్ట్ ఇవ్వాలి. ల్యాబ్‌కు ఐఎస్ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉంటే వాదనలు తగ్గుతాయి.
- ఉమ్మడి నిధి. టన్నుకు ఇంత అని రైతులు, కంపెనీలు వేసుకోవాలి. ఆస్ట్రేలియాలో ధాన్యం రైతులు అమ్మకం విలువలో దాదాపు 1 శాతం పరిశోధనకు లెవీగా కడతారు. మీరు అంత పెట్టలేకపోవచ్చు, కానీ సున్నాతో మాత్రం పని మొదలుకాదు.

1. ఎవరి కోసం పండిస్తున్నారో తేల్చుకోండి

“మాల్ట్ బార్లీ” అనే ఒకే సరుకు లేదు. పూర్తిగా మాల్ట్‌తోనే బీరు చేసే బ్రూవరీకి ప్రోటీన్ తక్కువ ఉండాలి. బియ్యం, మొక్కజొన్న కలిపి చేసే బ్రూవరీకి ఎంజైమ్‌లు ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ బియ్యంలోని పిండిని కూడా మాల్టే చక్కెరగా మార్చాలి. అమెరికన్ మాల్టింగ్ బార్లీ అసోసియేషన్ సూచనల్లో రెండు వరుసల బార్లీకి (కంకిలో గింజలు రెండు వరుసలుగా ఉండేది) పూర్తి మాల్ట్ బీరుకైతే ప్రోటీన్ 12 శాతం లోపు, బియ్యం, మొక్కజొన్న కలిపే బీరుకైతే 13 శాతం లోపు అని ఉంటుంది.

విస్కీ డిస్టిలరీల లెక్క వేరు. కొన్ని బార్లీ రకాల్లో గ్లైకోసిడిక్ నైట్రైల్ అనే పదార్థం తయారవుతుంది, డిస్టిలేషన్‌లో దాన్నుంచి ఈథైల్ కార్బమేట్ అనే హానికర పదార్థం పుడుతుంది. అందుకే స్కాచ్ వాళ్లు అది తయారుకాని రకాలనే కోరుకుంటారు. మీ రకం ఏ కోవలోకి వస్తుందో తెలియకుండా డిస్టిలరీకి ఈమెయిల్ పంపకండి.

2. రకాన్ని కొనేవాడి జాబితాలోంచి తీసుకోండి

దిగుబడి చూసి రకం ఎంచుకుని, తర్వాత కొనేవాడిని వెతకడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. బ్రూవరీ రెసిపీలో కొత్త రకం చేర్చడానికి ఏళ్లు పడుతుంది. అమెరికాలో కొత్త రకాన్ని ముందు చిన్న స్థాయిలో కొన్నేళ్లు మాల్ట్ చేసి చూస్తారు, అది గట్టెక్కితే ఫ్యాక్టరీ స్థాయిలో మాల్ట్ చేసి బీరు కాచి చూస్తారు. ఆ తర్వాతే సిఫార్సు జాబితాలోకి ఎక్కుతుంది. కెనడాలో విన్నిపెగ్‌లోని మాల్టింగ్ బార్లీ టెక్నికల్ సెంటర్ కూడా ఏటా అలాంటి జాబితా ఇస్తూ వచ్చింది. మీరు అమ్మాలనుకున్న దేశపు మాల్ట్ కంపెనీలు ఏ రకాల పేర్లు అడుగుతున్నాయో చూసి, వాటిలో మీ నేలకు తట్టుకునేది తీసుకోండి.

ప్రత్యామ్నాయం: ఒక కంపెనీకి కావాల్సిన లక్షణం ఉన్న ప్రత్యేక రకాన్ని ఆ కంపెనీతో కలిసి పెంచడం. జపాన్‌కు చెందిన సపోరో, కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం కలిసి సీడీసీ పోలార్‌స్టార్ అనే రకాన్ని ఇలాగే తెచ్చాయి. బీరు రుచిని పాడుచేసే లైపాక్సిజనేస్-1 ఎంజైమ్ అందులో ఉండదు. కొనేవాడు ముందే ఖాయమవుతాడు. అయితే ఆ ఒక్కడూ తప్పుకుంటే వేరే దారి ఉండదు, కాబట్టి మొత్తం విస్తీర్ణం దానికే ఇవ్వకండి.

పాత రకాన్ని చులకన చేయకండి. బ్రిటన్‌లో మారిస్ ఓటర్ 1960ల నాటిది, 1989లో సిఫార్సు జాబితా నుంచి పోయింది, దిగుబడి కూడా తక్కువ. అయినా కొందరు ఏల్ బ్రూవర్లు అదే కావాలన్నారు. ధాన్యం వ్యాపారులు విత్తనం శుద్ధిగా నిలబెట్టి, రైతుకు అదనపు ధర ఇచ్చి ఒప్పందం మీద పండిస్తున్నారు. ఈ రోజుకీ అది అమ్ముడవుతోంది.

3. అందరినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి

రైతు, విత్తన సంస్థ, మాల్ట్ కంపెనీ, బ్రూవరీ. ఏడాదికి రెండుసార్లు చాలు: విత్తే ముందు ఒకసారి, కొత్త పంట మాల్ట్ ఫలితాలు వచ్చాక ఒకసారి. మొదటి సమావేశంలో మూడు విషయాలు తేల్చండి. ఏ రకం, ఎన్ని టన్నులు, ఏ పరీక్ష పద్ధతి. రెండోదానిలో బ్రూవర్ చేత మాట్లాడించండి. “వడపోత రెండు గంటలు ఎక్కువ పట్టింది” అని బ్రూవర్ నోటి నుంచి వింటే, గింజలో ప్రోటీన్ పెంచే నత్రజని ఎరువు ఎప్పుడు వేయాలన్న సలహాకు రైతు దగ్గర విలువ పెరుగుతుంది. నా అనుభవంలో ఇలాంటి కమిటీలు ఎక్కువగా చచ్చిపోయేది బ్రూవర్ రాకపోవడం వల్లే. మాల్ట్ కంపెనీ కొనుగోలు మేనేజర్ ఒక్కడే వస్తే అది బేరాల సమావేశం అయిపోతుంది.

హెచ్చరిక: ఆ టేబుల్ మీద ధర మాట్లాడకండి. పోటీ కంపెనీలు ఒకచోట కూర్చుని కొనుగోలు రేటు అనుకోవడం చాలా దేశాల్లో పోటీ చట్టాల కింద నేరం. ధర ఎవరికి వాళ్లు విడిగా మాట్లాడుకోవాలి.

4. ఒప్పందం రాసుకోండి, అంకెల పక్కన పద్ధతి కూడా రాయండి

ఇక్కడ తొందరపడకండి. “ప్రోటీన్ 12 శాతం లోపు” అని రాసి సంతకం పెట్టేస్తారు. 12 శాతం దేని మీద? పొడి బరువు మీదా, ఉన్న బరువు మీదా? 12 శాతం తేమ ఉన్న గింజలో పొడి బరువు మీద 12 శాతం ప్రోటీన్ అంటే, ఉన్న బరువు మీద 10.6 శాతమే. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల లారీలు వెనక్కి తిరుగుతాయి. బ్రిటన్ కొనేవాళ్లు ప్రోటీన్ బదులు నత్రజని అంకె చెబుతారు. దాన్ని 6.25తో గుణించాలి. 1.65 శాతం నత్రజని అంటే 10.3 శాతం ప్రోటీన్.

జల్లెడ విషయమూ అంతే. యూరప్, ఆస్ట్రేలియాలో 2.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచిన గింజను లావు గింజగా లెక్కిస్తారు. అమెరికాలో అది అంగుళంలో 64కు 6 వంతులు, అంటే 2.38 మిల్లీమీటర్లు. ఒకే సంచిలోని గింజకు రెండు చోట్లా రెండు అంకెలు వస్తాయి. 90 శాతం పైన లావు గింజ అన్నప్పుడు ఏ జల్లెడ మీదో రాయించుకోండి.

ఒప్పందంలో ఇంకా ఉండాల్సినవి:

- మొలక శాతం (చాలా చోట్ల కనీసం 95, కొందరు 98 అడుగుతారు), తేమ పరిమితి (సాధారణంగా 13.5 లోపు).
- ఒలిచిన, పగిలిన గింజలకు పరిమితి, డాన్ (డీఆక్సీనివాలెనాల్) అనే ఫంగస్ విషానికి పరిమితి.
- వాడకూడని మందుల జాబితా. కోతకు ముందు గ్లైఫోసేట్ (కలుపు మందు) కొట్టిన బార్లీని ఉత్తర అమెరికా మాల్ట్ కంపెనీలు సాధారణంగా ముట్టవు.
- ప్రమాణం కొద్దిగా తప్పితే ధరలో ఎంత కోత, ఎక్కడ పూర్తిగా తిరస్కరణ. తిరస్కరించిన సరుకు దాణా రేటుకు ఎవరు తీసుకుంటారు.
- శాంపిల్ ఎవరు తీస్తారు, తేడా వస్తే ఏ మూడో ల్యాబ్ మాట చెల్లుతుంది.

చివరి అంశం లేని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని ఎవరికైనా చెబుతాను. మార్కెట్ రేటు పడిపోయిన ఏడాది అన్ని సంచుల్లోనూ లోపాలు కనబడటం మొదలవుతుంది.

5. కోత, ఆరబెట్టడం, నిల్వ

హార్వెస్టర్ డ్రమ్ము వేగం ఎక్కువైతే గింజ పొట్టు ఊడిపోతుంది, మొలక మొన దెబ్బ తింటుంది. కోస్తుండగానే గుప్పెడు గింజ తీసి ఎండలో చూడండి. పొట్టు ఊడి తెల్లగా మెరిసే గింజలు కనబడుతుంటే వేగం తగ్గించండి. గింజ చివర మీసం ముక్క కాస్త మిగిలితే మిగలనివ్వండి, దాన్ని పూర్తిగా తీయబోయి గింజను ఒలిచేసుకుంటారు.

యంత్రంతో ఆరబెడితే గింజ వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. పైకి ఏ తేడా కనబడకుండానే గింజ చచ్చిపోతుంది. నిల్వలో 12–13 శాతం తేమ, వీలైనంత చల్లదనం. కోత ముందు వాన తగిలిన పంటను విడిగా పెట్టండి. అలాంటి గింజ లోపల మొలక మొదలై ఆగి ఉంటుంది, ఇవాళ పరీక్షలో పాసై, నిల్వలో ఉండగా చచ్చిపోతుంది. ఆర్‌వీఏ (ర్యాపిడ్ విస్కో అనలైజర్) అనే యంత్రంతో, పిండి జావ చిక్కదనం కొలిచే పరీక్షలో ఇది తెలుస్తుంది. అంకె 120 పైన ఉంటే నిల్వకు తట్టుకుంటుంది, 50 లోపు ఉంటే వెంటనే వాడేయాలి లేదా దాణాకు పంపాలి.

6. మొలక పరీక్ష మీరే చేసుకోండి

ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోపు ఎక్కడున్నామో తెలియాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

తొమ్మిది సెంటీమీటర్ల పెట్రి డిష్‌లో రెండు ఫిల్టర్ పేపర్లు పరవండి. సరిగ్గా 4 మిల్లీలీటర్ల నీళ్లు సిరంజితో పోయండి. లాట్ అంతటి నుంచి కలిపిన శాంపిల్‌లోంచి 100 గింజలు లెక్కపెట్టి, గాడి ఉన్న వైపు కిందికి ఉండేలా పేర్చండి. మంచి గింజలు ఏరొద్దు, చేతికొచ్చినవి వచ్చినట్టే. మూత పెట్టి 20 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉంచండి. 24, 48, 72 గంటలకు తెల్లటి వేరు మొన బయటికొచ్చిన గింజలను లెక్కపెట్టి తీసేయండి. మూడింటి మొత్తమే మీ మొలక శాతం. కనీసం రెండు డిష్‌లు పెట్టండి. రెండింటి మధ్య ఏడెనిమిది గింజల తేడా వస్తే మళ్లీ చేయండి.

పక్కనే ఇంకో డిష్‌లో 8 మిల్లీలీటర్లు పోసి అదే చేయండి. 4లో 97 వచ్చి 8లో 60 వస్తే ఆ గింజకు నీళ్లంటే పడట్లేదని అర్థం. మాల్ట్ కంపెనీ నానబెట్టే పద్ధతి మార్చుకోవాల్సి వస్తుంది. ఈ సంగతి మీరే ముందు చెబితే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

24 గంటలకే ఎక్కువ గింజలు మొలిచాయా, 72కి గానీ రాలేదా అన్నది కూడా రాసి పెట్టుకోండి. మొత్తం ఒకటే అయినా, అన్నీ ఒకేసారి మొలిచే లాట్ మాల్ట్ కంపెనీకి ఎక్కువ ఇష్టం.

కోసిన వెంటనే పరీక్షిస్తే మొలక తక్కువ రావచ్చు. భయపడకండి, నిద్రావస్థ అయి ఉండొచ్చు. గింజ నిద్రలో ఉందా, చచ్చిందా తేల్చుకోవడానికి 0.75 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలో 200 గింజలు మూడు రోజులు నానబెట్టండి, రెండు రోజులయ్యాక ద్రావణం మార్చండి. అందులో బాగా మొలిచి డిష్‌లో మొలవకపోతే అది నిద్ర. కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడండి. రెండింటిలోనూ మొలవకపోతే ఆ లాట్ మాల్ట్‌కు వద్దు.

7. నిజమైన శాంపిల్ పంపండి

విదేశీ మార్కెట్‌ను పోగొట్టేది చెడ్డ బార్లీ కాదు, అతి మంచి శాంపిల్. జల్లించి, ఏరి, తళతళలాడే రెండు కిలోలు పంపుతారు. కంటైనర్‌లో మామూలు సరుకు దిగుతుంది. రెండో ఆర్డర్ రాదు. శాంపిల్‌ను లాట్ నిండా పలుచోట్ల నుంచి, పై నుంచి అడుగు దాకా తీసి, కలిపి, మూడు భాగాలు చేయండి. ఒకటి కొనేవాడికి, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి సీలు వేసి మీ దగ్గర. ఆ మూడోదే పేచీ వచ్చినప్పుడు మీ సాక్షి.

ట్రయల్స్‌కు వరుస ఉంది. కొన్ని వందల గ్రాములతో మైక్రో మాల్టింగ్, తర్వాత పైలట్ బ్యాచ్, ఆ తర్వాత ఫ్యాక్టరీలో పూర్తి బ్యాచ్. చివరిదానికి పదులు, ఒక్కోసారి వందల టన్నులు ఒకే లక్షణాలతో కావాలి. అంత సరుకు ఒకే లాట్‌గా లేకపోతే “ఫ్యాక్టరీ ట్రయల్‌కు సిద్ధం” అని చెప్పకండి.

8. దేశాన్ని ఎంచుకోండి

ఆ దేశం బార్లీ కొంటుందా, మాల్ట్ కొంటుందా ముందు చూడండి. సొంత మాల్ట్ ఫ్యాక్టరీలున్న చైనా ప్రధానంగా బార్లీ దిగుమతి చేసుకుంటుంది. మాల్ట్ ఫ్యాక్టరీలు లేని చిన్న దేశాలు మాల్టే కొంటాయి. 100 కిలోల బార్లీ నుంచి సుమారు 80 కిలోల మాల్ట్ వస్తుంది కాబట్టి మాల్ట్ పంపితే రవాణా మిగులుతుందనిపిస్తుంది. కానీ మాల్ట్ తేలిక. 20 అడుగుల కంటైనర్‌లో బార్లీ దాదాపు 20 టన్నులు పడితే మాల్ట్ 17–18 టన్నులే. రెండు లెక్కలూ వేసుకోండి. తర్వాత సుంకం, కోటా, పురుగుమందు అవశేషాల పరిమితులు, క్వారంటైన్ నిబంధనలు.

ఒకే దేశం మీద ఆధారపడొద్దు. 2020 మేలో చైనా ఆస్ట్రేలియా బార్లీ మీద మొత్తం 80.5 శాతం సుంకాలు వేసింది, 2023 ఆగస్టులో గానీ తీయలేదు. ఆ మధ్యకాలంలో ఆస్ట్రేలియా వాళ్లు మెక్సికో బ్రూవరీలకు మాల్ట్ బార్లీ పంపడం మొదలుపెట్టారు. అది సాధ్యమైంది ఫోన్ చేసి అమ్మడం వల్ల కాదు. ఏ రకం దేనికి పనికొస్తుందో చూపించే పరీక్షా ఫలితాలు వాళ్ల చేతిలో ఉన్నాయి.

9. ఏటా పంట రిపోర్ట్ ఇవ్వండి

కోత అయ్యాక కొత్త పంట సగటు ప్రోటీన్, గింజ లావు, మొలక, మాల్ట్ ఫలితాలు నాలుగు పేజీల్లో రాసి కొనేవాళ్లందరికీ పంపండి. చెడ్డ ఏడాది కూడా పంపండి. వాన వల్ల ప్రోటీన్ ఎలా మారింది, మాల్ట్ చేసేటప్పుడు ఏం మార్చుకుంటే సరిపోతుందో రాయండి. కొనేవాళ్ల సాంకేతిక సిబ్బందిని, అంటే ల్యాబ్, బ్రూయింగ్ మనుషులను, కోత సమయంలో పిలవండి. కొనుగోలు విభాగం వాళ్లు రేటు గుర్తుపెట్టుకుంటారు, బ్రూవర్ రకం పేరు గుర్తుపెట్టుకుంటాడు.

10. మొదటి షిప్‌మెంట్

చిన్నదిగా మొదలుపెట్టండి. ధర ఎఫ్‌ఓబీనా (ఓడ ఎక్కించేదాకా ఖర్చు మీది), సీఐఎఫ్‌నా (ఓడ కిరాయి, బీమా కూడా మీవి) స్పష్టంగా ఉండాలి. ధాన్యం వ్యాపారంలో గాఫ్టా (ధాన్యం, దాణా వ్యాపారుల అంతర్జాతీయ సంఘం) ఒప్పంద పత్రాలు బాగా వాడుకలో ఉన్నాయి. శాంప్లింగ్‌కు 124, మధ్యవర్తిత్వానికి 125 నంబరు నిబంధనలు చదివాకే సంతకం పెట్టండి. చెల్లింపు ఎల్‌సీ (బ్యాంకు హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్) ద్వారా అయితే, ఎల్‌సీలో రాసిన రకం పేరు, ఫైటోశానిటరీ (తెగుళ్లు, పురుగులు లేవనే) సర్టిఫికెట్‌లోని పేరు, ఇన్‌వాయిస్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాంకు డబ్బు ఆపేది ఇలాంటి చోటే.

కంటైనర్ నేల పలకల సందుల్లో టార్చ్‌తో చూడండి. నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు దొరికితే చాలా దేశాల్లో సరుకు దిగనివ్వరు. అది మీ బార్లీది కాకుండా పాత సరుకుది అయినా సరే. ఫ్యూమిగేషన్ మందు మొలకను దెబ్బతీయకూడదు. ఫాస్ఫిన్ సాధారణంగా వాడతారు. మిథైల్ బ్రోమైడ్ మొలక శక్తిని తగ్గించగలదు, గమ్యదేశం అదే కావాలంటే ముందు కొద్ది సరుకుకు వేసి మొలక చూసుకోండి. పైకప్పు కింద తేమ బొట్లు కట్టకుండా డెసికెంట్ (తేమ పీల్చే) సంచులు వేలాడదీయండి.

ఫలితం చూసుకోవడం

సరుకు చేరాక కొనేవాడి దగ్గర మొలక శాతం ఎంత వచ్చిందో అడిగి, మీరు లోడ్ చేసినప్పటి అంకెతో పోల్చండి. రెండు మూడు పాయింట్లు తగ్గితే ప్రయాణంలో వేడి, తేమ చూడండి. అంతకన్నా ఎక్కువ తగ్గితే సీలు వేసి దాచిన శాంపిల్ తీసి అదే రోజు డిష్ పెట్టండి. అందులో మొలక సరిగా ఉంటే లోపం దారిలో జరిగింది, బీమా వాళ్లతో మాట్లాడాలి. అందులోనూ పడిపోయి ఉంటే లోపం మీ గోదాంలోనో డ్రయర్‌లోనో ఉంది.

మాల్ట్ అయ్యాక మరో నాలుగు అంకెలు తెప్పించుకోండి: ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ నుంచి నీళ్లలో కరిగి వచ్చే భాగం), బీటా గ్లూకాన్ (వడపోతను నెమ్మదించే జిగురు పదార్థం), ఫ్రీ అమైనో నైట్రోజన్ (ఈస్ట్‌కు ఆహారం), డయాస్టాటిక్ పవర్ (పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్‌ల బలం). పూర్తి మాల్ట్ బీరుకైతే బీటా గ్లూకాన్ 100 పీపీఎం లోపు, ఫ్రీ అమైనో నైట్రోజన్ 140–190 మధ్య ఉండాలన్నది అమెరికన్ సూచన. బీటా గ్లూకాన్ ఎక్కువొస్తే మాల్ట్ కంపెనీ సరిగ్గా మొలకెత్తించలేదా, గింజే సమంగా మొలవలేదా అన్నది మీ 24, 48, 72 గంటల పట్టిక చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆ పట్టికను లాట్ నంబరుతో సహా, కనీసం ఆ సరుకుతో చేసిన మాల్ట్ అయిపోయేదాకా పారేయకండి.